తగ్గిన బరువు మళ్లీ రాకుండా ఉండాలంటే

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. వయసు 36, ఎత్తు 168 సెంటీమీటర్లు, ఇప్పటి బరువు 92 కిలోలు. ఆరేళ్లలో మూడుసార్లు బరువు తగ్గారు. మొదటిసారి పిండిపదార్థాలు పూర్తిగా మానేసి 11 కిలోలు, రెండోసారి రోజుకు ఒక్కపూటే తిని 8 కిలోలు, మూడోసారి జిమ్‌లో చేరి 6 కిలోలు. మూడుసార్లూ ఏడాది, ఏడాదిన్నర తిరిగేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. చివరిసారైతే అసలుకు తోడు వడ్డీలా ఇంకో మూడు కిలోలు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి మూడు: ఈసారి ఏ డైట్ పట్టుకోవాలి, మెటబాలిజం (శరీరం శక్తిని ఖర్చు చేసే తీరు) పాడైపోయిందా, లేక మీకే పట్టుదల లేదా.

సూటిగా చెప్పేస్తాను. ఏ డైట్ అన్నది ఇక్కడ చిన్న ప్రశ్న. మూడు వేర్వేరు దారుల్లో మూడుసార్లు తగ్గారంటే తగ్గడం మీకు వచ్చు. తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం వేరే పని, దాన్ని మీరు ఇంతవరకు మొదలే పెట్టలేదు. ఈసారి ఆ పనితో మొదలుపెట్టండి. తగ్గడం కోసం ఏ తిండి తినబోతున్నారో, దాదాపు అదే తిండి మూడేళ్ల తర్వాత ఏదో ఒక మామూలు మంగళవారం నాడు కూడా తినగలనా అని ముందే చూసుకోండి. తినలేననిపిస్తే, అది ఎంత వేగంగా తగ్గించేదైనా పక్కన పెట్టేయండి. మీ మెటబాలిజం పాడవలేదు, కాస్త నెమ్మదించి ఉంటుంది. పట్టుదల గురించి కింద రాస్తాను.

నేను డైటీషియన్‌ని, ఈ పనిలో 19 ఏళ్లు. మొదటి నాలుగేళ్లు నేనూ దారి తప్పే నడిచాను. నా దగ్గర ముద్రించిన చార్ట్ ఒకటి ఉండేది, రోజుకు 1,200 కేలరీలది. వచ్చినవాళ్లలో చాలామందికి అదే ఇచ్చేదాన్ని. తగ్గేవాళ్లు, సంతోషపడేవాళ్లు, ఇంకో నలుగురిని పంపేవాళ్లు. మంచి పేరే వచ్చింది. ఒకసారి పాత ఫైళ్లు సర్దుతూ, రావడం మానేసినవాళ్లలో ఓ ముప్పై మందికి ఫోన్ చేశాను, ఎలా ఉన్నారో కనుక్కుందామని. ఎక్కువమంది మళ్లీ పాత బరువుకు వచ్చేశారు. ఒకావిడ అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మళ్లీ ఒళ్లు చేశాను మేడమ్, మొహం చెల్లక రాలేదు." తప్పు నా చార్టుది, సిగ్గుపడింది ఆవిడ. ఆ చార్టును ఆ తర్వాత ఎవరికీ ఇవ్వలేదు.

తగ్గాక ఒంట్లో ఏం జరుగుతుంది

బరువు తగ్గినప్పుడు రెండు మార్పులు వస్తాయి. ఒకటి, శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది. చిన్న ఒంటికి తక్కువ శక్తి చాలు కదా, దానికి తోడు కొంత పొదుపు కూడా మొదలుపెడుతుంది. రెండోది, ఆకలి పెరుగుతుంది. అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు, అసలు దెబ్బ రెండోదాని దగ్గర ఉంది. అమెరికాలో పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2016లో వేసిన లెక్క ప్రకారం, తగ్గిన ఒక్కో కిలోకు శరీరం ఖర్చు రోజుకు 20 నుంచి 30 కేలరీలు పడిపోతే, ఆకలి సుమారు 100 కేలరీలు పెరుగుతుంది. మీరు 11 కిలోలు తగ్గినప్పటి సంగతి ఈ లెక్కలో చూడండి. ఖర్చు 220 నుంచి 330 తక్కువ. కడుపు అడిగేది మాత్రం మునుపటికంటే వెయ్యి కేలరీల పైచిలుకు ఎక్కువ. రోజూ, ఆదివారాలతో సహా.

కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనిపెట్టింది. కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు చేరవేసేది ఇదే. నిల్వ తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు దాన్ని కరువు వచ్చినట్టుగా తీసుకుంటుంది. ఇది నాలుగు వారాల్లో సర్దుకునే వ్యవహారం కూడా కాదు. ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల మీద ఉంచి, ఏడాది తర్వాత మళ్లీ పరీక్షించారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఆకలిని పెంచే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి.

ఇంకాస్త వెనక్కి వెళితే, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగం ఉంది. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. 24 వారాలు అరకడుపు తిండి పెట్టి, ఒంటి బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గించారు. అంతకుముందు వంట ముఖం చూడని కుర్రాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. కలల్లో తిండే, మాటల్లో తిండే. మళ్లీ మామూలు తిండి పెట్టాక కొందరికి కడుపు నిండా తిన్నా ఆకలి తీరలేదు. డైటింగ్ చేస్తూ అర్ధరాత్రి ఫోన్‌లో వంటల వీడియోలు చూస్తున్నానని సిగ్గుపడుతూ చెప్పేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. వాళ్లకు ఈ కుర్రాళ్ల కథ చెబుతాను.

పట్టుదల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆరు నెలలు నోరు కట్టుకున్న మనిషికి పట్టుదల లేదని ఎలా అంటాం? ఏడాది పొడవునా రోజూ పెరిగిన ఆకలితో పోట్లాడాలంటే ఎవరికైనా ఏదో ఒక రోజు చేయి జారుతుంది. పోట్లాట తక్కువగా ఉండేలా తిండినీ ఇంటినీ అమర్చుకోవడమే మన పని.

మెటబాలిజం నిజంగా పాడవుతుందా?

ఈ భయం ఎక్కువగా ఒక టీవీ పోటీ వల్ల వచ్చింది. అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే షోలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత హాల్ బృందమే పరీక్షించింది. సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు, అందులో 41 కిలోలు తిరిగి తెచ్చుకున్నారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల శరీరం ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. వార్త దేశాలన్నీ తిరిగింది. దాని వెనకాలే వచ్చిన ఇంకో విశ్లేషణ అంతగా తిరగలేదు. వాళ్లలో బరువును బాగా నిలబెట్టుకున్నవాళ్లు, రోజువారీ కదలికను బాగా పెంచుకుని కొనసాగించినవాళ్లేనని అందులో తేలింది. ఇంకొకటి, నెలల తరబడి రోజుకు గంటల కొద్దీ కసరత్తు చేసి 58 కిలోలు దించడానికీ, మీరు 8 కిలోలు తగ్గడానికీ పోలికే లేదు.

మెటబాలిజం మీద అనుమానం ఉన్నవాళ్లతో నేను ముందు చేసే పని ఒకటుంది. గత ఏడాది ఒకాయన వచ్చారు. రోజుకు 1,300 కేలరీలే తింటున్నా కాటా కదలడం లేదని రాసిన నోటుబుక్కు ముందు పెట్టారు. నీటుగా, పూటపూటకూ లెక్క. వంటలో నూనె ఎంత అని అడిగితే రెండు చెంచాలన్నారు. మళ్లీ వచ్చేటప్పుడు ఇంట్లో వాడే నూనె సీసా, ఒక ఖాళీ గిన్నె తెమ్మన్నాను. "రోజూ ఎలా పోస్తారో అలాగే పోయండి, ఆలోచించొద్దు" అన్నాను. ఆయన సీసా వంచి, మణికట్టు ఒక్కసారి తిప్పి, ఆపారు. గిన్నెలోంచి చెంచాతో తీసి వేరే గ్లాసులోకి కొలుస్తూ వెళ్లాం. పెద్ద చెంచాతో అయిదు వచ్చాయి, అడుగున ఇంకొంచెం మిగిలింది. పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. మూడు చెంచాల తేడా అంటే ఒక్క వంటకే 360. అది రోజుకు రెండుసార్లు. నలుగురు తినే ఇల్లు కాబట్టి మొత్తం ఆయనకే చేరదు, నిజమే. కానీ మూత తీసి రుచి చూడ్డాలు, పిల్లల పళ్లెంలో మిగిలినవి, టీలో చక్కెర కూడా కలిపితే నోటుబుక్కులో 1,300 అన్నది నోట్లోకి 2,000 దాటి వెళుతోంది.

ఆయన అబద్ధమాడలేదు. 1992లో న్యూయార్క్‌లో ఇలాంటివాళ్లనే పరీక్షించారు, 1,200 కేలరీల లోపే తింటున్నా తగ్గడం లేదనే పది మందిని. వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది. తింటున్నది మాత్రం చెప్పినదానికంటే చాలా ఎక్కువ; సగటున చూస్తే తిన్నదాంట్లో దాదాపు సగం లెక్కలోకే రాలేదు. చేసిన శ్రమను సగానికి పైగా ఎక్కువ చేసి చెప్పారు. నేను కూడా నా తిండిని ఒక వారం తూచి చూసుకున్నాను. డైటీషియన్‌ని అయ్యుండి 300 కేలరీలు తప్పాను.

కాబట్టి రెండు వారాలు, కేవలం రెండు వారాలు, నిజంగా తూచి రాయండి. అంతకుమించి అక్కర్లేదు. జీవితాంతం తూచుకుంటూ తినమంటే ఎవరూ తినరు. ఈ రెండు వారాల్లో మీ ఇంటి చెంచా, మీ ఇంటి గిన్నె ఎంత పడతాయో కంటికి అలవాటైపోతుంది.

ఏ డైట్ అంటే

2018లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండుగా విడదీసి, సగం మందికి కొవ్వు తక్కువ తిండి, సగం మందికి పిండిపదార్థాలు తక్కువ తిండి ఏడాది పాటు ఇప్పించింది. మొదటివాళ్లు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్లు 6 కిలోలు తగ్గారు. తేడా లెక్కలోకి రానంత చిన్నది. ఒకే గుంపులో మనుషుల మధ్య తేడా మాత్రం అంతా ఇంతా కాదు, కొందరు 25 కిలోలకు పైగా తగ్గితే కొందరు పెరిగారు. ఇద్దరికీ ఉమ్మడిగా చెప్పింది ఏమిటంటే కూరగాయలు బాగా తినండి, చక్కెర, శుద్ధి చేసిన పిండి తగ్గించండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి అని. నా అనుభవంలో కూడా ఏ డైట్ అయినా పనిచేసేది ఈ ఉమ్మడి భాగం వల్లే.

ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి సంగతి వేరుగా చెప్పాలి. 2019లో హాల్ 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు అలాంటి తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి పెట్టినప్పుడు వాళ్లంతట వాళ్లే రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. వండిన తిండికి మారాక అంతే తగ్గారు. ఒక్క మార్పు మాత్రమే చేయగలను, ఏది చేయమంటారు అని అడిగితే నేను చెప్పేది ఇదే: ఇంట్లో ప్యాకెట్లు ఉండనివ్వకండి. కళ్ల ముందు లేని చిరుతిండితో పోట్లాడక్కర్లేదు.

రెండోది ప్రోటీన్. గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పప్పుధాన్యాలు, మీరు ఏవి తింటే అవి. కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది, తగ్గేటప్పుడు కండ కరగడం తక్కువవుతుంది, జీర్ణం చేసుకోవడానికే దాని కేలరీల్లో 20 నుంచి 30 శాతం ఖర్చవుతాయి. మీరు చేరాలనుకునే బరువులో కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు. 80 కిలోలు అనుకుంటే రోజుకు 100 నుంచి 125 గ్రాముల చుట్టూ. ఒక్క పూటలో కుక్కకుండా మూడు పూటలకూ పంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

ఒక్కపూట తిండి సంగతికొస్తే: కొందరికి అది సరిపోతుంది, నిజంగానే. మీకు సరిపోలేదు. సాయంత్రానికి కడుపు నకనకలాడి, ఆ ఒక్కపూటలోనే రెండు పూటల తిండి తినేదాన్నని మీరే రాశారు. దాన్ని మళ్లీ ప్రయత్నించొద్దు.

ఎంత తగ్గించాలి? ఇప్పుడు తింటున్నదాంట్లోంచి రోజుకు 500 కేలరీలు తీసేస్తే చాలు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి కాబట్టి మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గుతారు. ఒళ్లు తగ్గేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది, ఆరేడు నెలలకు దాదాపు ఆగిపోతుంది. అది మీ తప్పేమీ కాదు, లెక్కే అంత. మొదటిసారి పిండిపదార్థాలు మానేసినప్పుడు మొదటి వారమే మూడు కిలోలు పోయాయన్నారు కదా, అందులో ఎక్కువ నీళ్లే. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ పోతే నీళ్లూ పోతాయి, మళ్లీ మామూలుగా తిన్న రెండు రోజుల్లో తిరిగి వస్తాయి. అలా వచ్చిన రెండు కిలోలు చూసి "అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది" అని చేతులెత్తేసినవాళ్లు ఎంతమందో.

మరీ వేగంగా తగ్గడంలో ఇంకో ఇబ్బంది పిత్తాశయంలో రాళ్లు. నాలుగు నెలల్లో 24 కిలోలు తగ్గానని గర్వంగా చెప్పిన ఒకాయన, తర్వాతి నెల కడుపునొప్పితో ఆపరేషన్ బల్ల మీద ఉన్నారు.

ఆగడం కూడా నేర్చుకోవాలి

ఇది నేను అందరికంటే గట్టిగా చెప్పే మాట. 92 నుంచి ఏకంగా 65కు గురిపెట్టకండి. ముందు 84, 85 దగ్గర ఆగండి. అక్కడ మూడు నెలలు తగ్గకుండా, పెరగకుండా ఉండండి. నా దగ్గర దీన్ని 'మెట్టు మీద నిలబడటం' అంటాం. పెళ్లి భోజనం, ప్రయాణం, జ్వరం, ఆఫీసు టెన్షన్, ఇవన్నీ ఆ మూడు నెలల్లో వస్తాయి. అవి వచ్చినా బరువు రెండు కిలోల లోపే అటూ ఇటూ ఉంచగలిగితే, అప్పుడు రెండో మెట్టు ఎక్కండి. ఉంచలేకపోతే ఎక్కడ జారుతోందో తెలుస్తుంది, దాన్ని సరిచేసుకోండి.

ఇది నా సొంత పైత్యం కాదు. స్టాన్‌ఫోర్డ్‌లోనే 267 మంది మహిళలతో ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపుకు మామూలుగా ముందు తగ్గించి తర్వాత నిలబెట్టుకోవడం నేర్పారు. ఇంకో గుంపుకు మొదటి ఎనిమిది వారాలు అసలు తగ్గొద్దని చెప్పి, ఉన్న బరువును కదలకుండా ఉంచడం నేర్పి, ఆ తర్వాతే తగ్గమన్నారు. తగ్గిన బరువు ఇద్దరిలోనూ దాదాపు సమానం. ఏడాది తర్వాత చూస్తే మొదటి గుంపు సగటున మూడు కిలోలకు పైగా తిరిగి తెచ్చుకుంది, రెండో గుంపు ఒకటిన్నర కిలోలే.

84 దగ్గర ఆగితే ఏం లాభం అంటారేమో. 2002లో ప్రచురించిన అమెరికా డయాబెటిస్ నివారణ ప్రయోగంలో 3,234 మంది ఉన్నారు, అందరూ షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లు. వాళ్లలో ఒక గుంపుకు పెట్టిన గురి ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ. ఆ గుంపులో షుగర్ బారిన పడటం 58 శాతం తగ్గింది. మీ విషయంలో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు.

వ్యాయామం

తగ్గడానికి వ్యాయామం సాయం కొంచెమే. మీ బరువున్న మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే ఓ 250 కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి. రెండు పెద్ద చెంచాల నూనె. అందుకే జిమ్ ఒక్కదాన్నే నమ్ముకున్నప్పుడు 6 కిలోల దగ్గర ఆగారు.

నిలబెట్టుకోవడానికి మాత్రం అది లేకుండా నడవదు. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ మొదలుపెట్టిన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీ అని ఒకటి ఉంది అమెరికాలో. కనీసం 13.6 కిలోలు తగ్గి, కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్లే అందులో చేరొచ్చు. పది వేల మందికి పైగా ఉన్నారు. వాళ్లు తగ్గిన పద్ధతులు నూటొక్క రకాలు. తర్వాతి అలవాట్లు మాత్రం ఒకరివి చూసి ఒకరు రాసినట్టుంటాయి: ఎక్కువమంది రోజుకు సగటున గంట శ్రమ చేస్తారు, అందులో నడకే ఎక్కువ, నలుగురిలో ముగ్గురు వారానికి కనీసం ఒకసారి బరువు చూసుకుంటారు, టీవీ తక్కువ చూస్తారు. తమంతట తాము పేరిచ్చినవాళ్ల జాబితా కాబట్టి దీన్ని శాసనంగా తీసుకోను, కానీ నా దగ్గర నిలబెట్టుకున్నవాళ్లను చూసినా ఇదే కనిపిస్తుంది.

గంట అనగానే భయపడకండి. పొద్దున 20 నిమిషాలు, ఫోన్లో మాట్లాడుతూ 20, రాత్రి 20. వారానికి రెండు రోజులు బరువులు ఎత్తడమో, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు ఆనుకుని పుషప్ లాంటివో చేర్చండి, కండ కరిగిపోకుండా.

కాటా, ఒక పెన్సిల్

నా దగ్గరికి వచ్చే ఒక టీచర్ 17 కిలోలు తగ్గి తొమ్మిదేళ్లవుతోంది. ఆవిడ బీరువా తలుపు లోపలివైపు గళ్ల కాగితం ఒకటి అంటించి ఉంటుంది, పక్కనే దారంతో కట్టిన పెన్సిల్. పొద్దున్నే కాటా ఎక్కి ఒక చుక్క పెడతారు. కాగితం మీద రెండు అడ్డగీతలు, ఒకటి తన బరువు, ఇంకోటి దానికి రెండు కిలోల పైన. చుక్కలు ఉప్పు ఎక్కువైన రోజు, నెలసరి ముందు, ప్రయాణం తర్వాత పైకి ఎగిరి దిగుతుంటాయి. కిలో, రెండు కిలోలు అలా ఊగడం మామూలే. వారం మొత్తం చుక్కలు పై గీత దాటితే మాత్రం ఆవిడ తన 'మూడు పనులు' మొదలుపెడతారు: తిండి రాసుకోవడం, సాయంత్రం చిరుతిండి ఆపడం, నడక 20 నిమిషాలు పెంచడం. మూడు నాలుగు వారాల్లో మళ్లీ గీత కిందికి.

"చూడబుద్ధి కాని రోజే చూడాల్సిన రోజు" అంటారావిడ. పెరుగుతున్నామని తెలిసినప్పుడే మనం కాటాను మంచం కిందికి తోసేస్తాం. రెండు కిలోల దగ్గర పట్టుకుంటే నెల పని. పది దాకా వదిలేస్తే మళ్లీ ఏడాది పని.

అంకె చూస్తేనే రోజంతా పాడైపోయేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు కాటా వద్దు, నడుం చుట్టుకొలత నెలకోసారి చాలు. దొంగచాటుగా విపరీతంగా తినడం, తిన్నది కక్కేయడం లాంటివి ఉంటే ఈ రాసినదేదీ మొదలుపెట్టకుండా ముందు మానసిక వైద్యుణ్ని కలవాలి.

మందుల సంగతి

సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్ల గురించి ఎలాగూ అడుగుతారు. పనిచేస్తాయి. 2021లో వచ్చిన పెద్ద ప్రయోగంలో 68 వారాల్లో సగటున 14.9 శాతం తగ్గారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం. పైన చెప్పిన ఆకలి పోరును ఇవి నిజంగానే తగ్గిస్తాయి, కాబట్టి వాడేవాళ్లను చిన్నచూపు చూడను. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇక్కడా అదే ప్రశ్న, మూడేళ్ల తర్వాత కూడా కొనసాగించగలరా? వాంతులు, వికారం ఉంటాయి, కండ కూడా పోతుంది, డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి. ఎవరో స్నేహితుల దగ్గర మిగిలిన ఇంజెక్షన్ పెన్ను తెచ్చుకుని పొడుచుకోవడం మాత్రం దయచేసి వద్దు.

నిద్ర గురించి ఒక్క ముక్క. అయిదున్నర గంటలు పడుకుంటున్నానని రాశారు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, తక్కువ నిద్రపోయేవాళ్లను గంటకు పైగా అదనంగా పడుకునేలా చేస్తే, డైట్ ఊసే ఎత్తకుండా రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. మీ 500లో సగం ఇక్కడే దొరకొచ్చు.

మీరు రాయనిది ఒకటుంది, అది తెలియకుండా ముందుకెళ్లొద్దు: ఇప్పుడు వాడుతున్న మందులు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, ఓలాంజపైన్ లాంటి మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతాయి. వీటిలో ఏది ఉన్నా మీ అంతట మీరు ఆపకండి, మార్చే వీలుందేమో రాసిచ్చిన డాక్టర్‌ని అడగండి. ఇన్సులిన్, సల్ఫనైల్‌యూరియా రకం షుగర్ మాత్రలు వాడుతూ తిండి తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, కాబట్టి డోసు ముందే సరిచేయించుకోవాలి. బీపీ మందులకూ ఇదే జాగ్రత్త. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి, అయితే అది తేలినా దానివల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే. మందుల పేర్లు, రోజులో కూర్చునే గంటలు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఈ మూడూ కింద రాయండి. వంట చేసేది వేరేవాళ్లయితే ఆ రెండు వారాల తూకం పని వాళ్లతో కలిసి చేయాలి, అది ఎలాగో అప్పుడు చెబుతాను.